మోగని మెట్టు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో నేనొక పాత కీబోర్డు కొన్నాను. ఇంట్లో కూర్చుని వాయించుకోవడానికే కొన్నాను. దానితోపాటు ముప్పై మూడేళ్ళుగా జాడలేని నా తమ్ముడి చెయ్యి మా ఇంటికి వచ్చింది. వాడు ఉన్నాడో లేడో ఆ వారం రోజుల్లో తేలిపోయింది. ఎట్లా తేలిందో రాస్తాను. నమ్మేవాళ్ళు నమ్మండి.

నేను తాపీమేస్త్రీని. నల్లగొండ పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో పడ్డవాణ్ని. నలభై ఐదేళ్ళ దాకా నాకు అక్షరం రాదు. ప్రార్థన మందిరంలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతున్నానని ఒకామె నవ్వింది. ఆ రోషంతో రాత్రిబడికి పోయి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు సిమెంటు బస్తాల మీద చూసి పట్టుకున్నాను. అందుకే నాకు పెద్ద అక్షరాలే వస్తాయి, చిన్నవి రావు.

హార్మోనియం మాత్రం అక్షరాల కంటే చాలా ముందే వచ్చింది. మా నాయన ఊళ్ళో మందిరంలో వాయించేవాడు. ఆయన పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను. యాభై ఐదో ఏట పరంజా మీది నుంచి పడి ఎడమ భుజం పోయింది. చెయ్యి నడుము దాకా లేస్తుంది, అంతకు మించి లేవదు. హార్మోనియానికి ఒక చెయ్యి మెట్ల మీద ఉంటే రెండో చెయ్యి తిత్తి ఆడించాలి. తిత్తి ఆడించే చెయ్యే పోయాక పెట్టె అటక ఎక్కింది. ఆరేళ్ళు అట్లాగే ఉన్నాను. చేతులు ఊరికే ఉండలేక అన్నం ముందు కూర్చున్నా కంచం అంచు మీద వేళ్ళు ఆడించేవాణ్ని. మా ఇంటామె విసిగిపోయి, తిత్తి అక్కరలేని కీబోర్డులు వచ్చాయట, ఒకటి తెచ్చుకుని నా కంచాన్ని వదిలెయ్యమంది.

కీబోర్డు సంగతికి వచ్చేముందు మా ఊరి పాట సంగతి చెప్పాలి.

మా నాయన ఒక పాట కట్టాడు. అది ఏ పుస్తకంలోనూ లేదు. మా మందిరానికి వచ్చే నలభై మందికి తప్ప ఎవరికీ రాదు. నాయనను సమాధి చేసిన తర్వాతి ఆదివారం నేను ఆయన చోట కూర్చుని ఆ పాట ఎత్తుకున్నాను. రెండో పాదం చివర ఒక మెట్టు నొక్కితే గాలి తప్ప మోత రాలేదు. ముందటి ఆదివారం దాకా మోగిన మెట్టు. పాడుతున్నవాళ్ళందరూ ఆ చోట గొంతు ఆపేశారు. వెనక నుంచి ఒక ముసలామె మెల్లగా, "ఆయన ఎంటబెట్టుకపోయిండు" అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆ చోట ఆగడం మాకు ఆచారమైంది. రెండో పాదం చివర నలభై మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టేవాళ్ళు. తర్వాత మూడో పాదం. పెట్టె బాగుచేయిద్దామని ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికీ ధైర్యం లేదు. తర్వాత పుట్టిన పిల్లలు పాట అట్లాగే ఉంటుందని నేర్చుకున్నారు. ఊపిరి బిగబట్టడానికి చప్పుడు ఉండదని మీరనుకుంటారు. నలభై మంది కలిసి బిగబడితే ఉంటుంది. నేను విన్నాను.

మా తమ్ముడు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. వాడికి నేనే నేర్పాను. వాడి చెయ్యి నాకంటే మంచిది, ఆ మాట నేను వాడికి ఎన్నడూ చెప్పలేదు. ఒకటే జబ్బు ఉండేది వాడికి. పాదం చివరి మెట్టును వదిలేముందు ఇంకోసారి మెల్లగా తట్టేవాడు, తలుపు తట్టి లోపలికి వచ్చేవాడిలాగా. వేలి మీద పుల్లతో కొట్టినా మానలేదు. వాడికి పందొమ్మిదేళ్ళప్పుడు ఒక శనివారం ఎవరికీ చెప్పకుండా పెట్టె విప్పాడు. ఆ మెట్టు కింద మోగే ఇత్తడి రేకు, రీడు, దాని మీద కుమ్మరి పురుగు గూడు కట్టింది. చిటికెడు మట్టి. గీకేశాడు. ఆదివారం ఆ పాట వాడే వాయించాడు. రెండో పాదం చివర అందరూ ఊపిరి బిగబట్టిన చోట ఆ మెట్టు మోగింది. రెండుసార్లు తట్టాడు కూడా.

మందిరంలో ఒకామె కూలబడిపోయింది. కొందరు ముసలివాళ్ళు తలుపు దిక్కు చూశారు, నాయన వచ్చి నిలబడ్డాడేమో అన్నట్టు. మా తమ్ముడు అరచేతిలో మట్టి చూపిస్తూ, "నాయన కాదు, గిదే అడ్డం బడ్డది" అన్నాడు. నవ్వుతున్నాడు. నేను లేచి దగ్గరికి పోయి చెంప మీద కొట్టాను. నలభై మంది ముందు. వాడు చేతిలోని మట్టిని పెట్టె మూత మీద పెట్టి బయటికి నడిచాడు. పగటి బస్సుకు పోయాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. కబురు ఎక్కడికి పంపాలో మాకు తెలియదు.

ఇదీ సంగతి. ఇక కీబోర్డు.

కొనేవాళ్ళకు నేను తెలుసుకున్నది చెబుతాను. మొదట చూపించినవి పిల్లల ఆటబొమ్మల్లాంటివి. మెట్లు సన్నం. నా వేలు ఒకటి పెడితే రెండు మెట్లు మోగాయి. తర్వాతివాటికి దీపాలు, డప్పులు, పక్షి కూతలు, వందల రకాల మోతలు. నాకు ఒక్క హార్మోనియం మోత చాలు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. వేరే స్పీకరు డబ్బా పెట్టుకోకుండా దానిలోనే మోత ఉండాలి. బ్యాటరీ సెల్లుల మీద నడవాలి, ఎందుకంటే సమ్మెతో బొగ్గు ఆగిపోయి పూటకు ఇన్ని గంటలని కరెంటు తీసేస్తున్నారు. ఇవన్నీ ఉన్న కొత్తది నా చేతికి అందేది కాదు. పాతవి అమ్మే దుకాణం ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఉందని తెలిసి పోయాను.

ఆ రోజు బంద్. దిల్‌సుఖ్‌నగర్‌ను నేను అట్లా ఎన్నడూ చూడలేదు. బస్సులు లేవు, ఆటోలు లేవు, బండ్ల మీద గాజులు అమ్మేవాళ్ళు లేరు. కోచింగ్ సెంటర్ల గోడల నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు, ఒక్కొక్కటి మనిషంత. కింద ఒక్క పిల్లవాడు లేడు. పైన వందల కళ్ళు ఖాళీ రోడ్డును చూస్తున్నాయి. నేను తల దించుకుని గల్లీలోకి తిరిగాను.

దుకాణం షట్టర్ నడుము దాకా ఎత్తి ఉంది. వంగి లోపలికి పోయాను. కరెంటు లేదు. గోడ వెంట వాయిద్యాల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి, వరసగా మనుషులు పడుకున్నట్టు. దుకాణం అతను ముప్పై ఐదేళ్ళవాడు, మా నల్లగొండ దిక్కువాడే. నా వేళ్ళు చూసి చిన్నవి చూపించే పని పెట్టుకోలేదు. ఒక దుప్పటి లాగి, కింద ఉన్నది ముందుకు జరిపాడు. పాతదే, మూలలు గీసుకుపోయాయి. మెట్లు మాత్రం వెడల్పు. దీని అడాప్టర్ దొరకలేదని, సెల్లుల మీద నడుస్తుందని చెప్పాడు.

"లోపల ఎవరిదో పాట రికార్డ్ అయి ఉన్నది అంకుల్. ఇనుండ్రి, సౌండ్ ఎట్లున్నదో మీకే తెలుస్తది."

ఒక గుండీ నొక్కాడు. ముందు ఏమీ రాలేదు. ఎవరో కూర్చుని చేతులు సర్దుకుంటున్నంత సేపు చప్పుడు లేదు. తర్వాత హార్మోనియం మోతలో పాట మొదలైంది. మెట్లు ఒక్కటీ కదలడం లేదు. వాటి మీద దుమ్ము కూడా కదలడం లేదు. పాట వస్తోంది. అది మా నాయన పాట.

మొదటి పాదం చివరి మెట్టు రెండుసార్లు తట్టి వదిలింది.

రెండో పాదం నడిచింది. ఆ చివర మోత ఆగింది. నాకు తెలియకుండానే నా ఊపిరి కూడా అక్కడే ఆగింది. నేను ఆపలేదు, అది ఆగింది. తర్వాత మూడో పాదం ఎత్తుకుంది.

దుకాణం అతను నా మొహం చూసి వేరే విధంగా అర్థం చేసుకున్నాడు. పాట అక్కడ కొంచెం ఆగుతుందని, కీ చెడిపోయిందని అనుకోవద్దని, నా చూపు నిలిచిన ఆ మెట్టే నొక్కి చూపించాడు. ఖంగుమని మోగింది. ఆ ఖాళీ దుకాణంలో ఆ మోతకు నేను వెనక్కి జరిగాను. మెట్టు బాగానే ఉంది. వాయించినవాడు కావాలని అక్కడ చెయ్యి ఎత్తాడు. అడ్డం పడ్డది నాయన కాదని మట్టి చూపించినవాడే ఎత్తాడు.

"జర ఆగుండ్రి, గది చెరిపేసి నీట్‌గ ఇస్త" అంటూ అతను ఇంకో గుండీ మీద వేలు పెట్టబోయాడు. నేను మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నానేమో, అతను నా చేతి దిక్కు చూశాడు.

"వద్దు. అట్లనే ఉండనీ" అన్నాను.

అప్పుడు అతను అసలు సంగతి చెప్పాడు. దీనిలో ఒక్క పాటకే చోటు ఉంది. మీద ఇంకోటి వాయించి నింపితే పాతది పోతుంది. సెల్లులు తీసినా పోతుంది, అవి చచ్చిపోయినా పోతుంది. ముందు అడాప్టర్ పెట్టి, కరెంటు ఉండగా సెల్లులు మారిస్తే మాత్రం నిలుస్తుంది. అడాప్టర్ కూడా దీనిదే కావాలి. పిన్ను తేడా, వేరేది పెడితే లోపల కాలిపోతుంది. బంద్ అయిపోయి మార్కెట్ తెరిస్తే వెతికి తెస్తానన్నాడు. ఇది ఎవరు అమ్మారని అడిగాను. వాళ్ళ అన్న తెచ్చాడట. ఆ అన్న ఊరికి పోయి బస్సులు లేక అక్కడే చిక్కుకున్నాడు, ఫోన్ కలిస్తే అడిగి చెబుతానన్నాడు. నేను బేరం ఆడలేదు. అతనే తగ్గించాడు, పాట మధ్యలో ఆగుతుంది కదా అని.

అతని స్కూటర్ మీదే ఇంటికి తెచ్చాను, ఒడిలో పెట్టుకుని. ఒక్కసారి కూడా గుంతలో పడనీయలేదు.

మా ఇంటామెది కూడా మా ఊరే. తమ్ముణ్ని కొట్టిన ఆ ఆదివారం ఆమె మందిరంలో ఉంది. నేను ఏమీ చెప్పకుండా మంచం మీద పెట్టి గుండీ నొక్కాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. మొదటి పాదానికి తల ఎత్తింది. రెండో పాదం చివర ఆమె చెయ్యి చాట మీద గాలిలో నిలబడిపోయింది. ఆ గదిలో ఇద్దరమే ఉన్నాం. కానీ బిగబట్టిన ఊపిరి ఇద్దరిది కాదు. నేను ముందే చెప్పాను, ఆ చప్పుడు నాకు తెలుసు.

పాట అయిపోయాక ఆమె, "గా తట్టుడు మా మరిదిది" అంది. ఇంకా కొంతసేపు చూసి, "నువ్వు కొట్టినవు. నువ్వే పోయి ఎతుకు" అంది.

ఎక్కడని వెతకాలి? దుకాణం అతని ఫోను కోసం కూర్చున్నాం. ఈలోపల కొత్త భయం పట్టుకుంది. గుండీ పక్కన పచ్చ దీపం రెండో రోజుకు మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. సెల్లుల పని అయిపోతోంది. అవి చస్తే తమ్ముడు మళ్ళీ పోతాడు. నాకు అట్లాగే అనిపించింది, పాట పోతుందని కాదు. మొదట రోజుకు నాలుగైదుసార్లు విన్నవాళ్ళం, పొద్దుగూకేముందు ఒక్కసారే వినాలని పెట్టుకున్నాం. ఆ వేళకు కరెంటు ఉండేది కాదు, బయట బండి చప్పుడు ఉండేది కాదు. ఆమె తల మీద కొంగు కప్పుకుని కూర్చునేది. ప్రార్థనకా, మరిది వస్తున్నాడనా అని నేను అడగలేదు.

రోజురోజుకూ మోత సన్నబడింది. ఇంట్లో వాయించిన పాట గుమ్మం దగ్గరికి పోయింది. మరునాటికి గల్లీ చివరికి పోయినట్టు వినబడింది. సెల్లుల బలం తగ్గితే అంతేనని దుకాణం అతను అమ్మేటప్పుడే చెప్పాడు. నాకు మాత్రం ఎవరో అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడుస్తున్నట్టే ఉండేది. నాలుగో రోజు వినలేదు. భయపడి వదిలేశాం. ఆ సాయంత్రం ఇద్దరం దాని ముందు ఊరికే కూర్చున్నాం.

ఐదో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. కీబోర్డు అమ్మింది ఒక ఆంధ్రా ఆమె. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక నీళ్ళ ట్యాంకు వెనక గల్లీ, నీలం గేటు. అంతే తెలుసు. ఆ రోజూ బందే. నడిచి పోయాను.

కొత్తపేట పండ్ల మార్కెట్ మూతపడి బత్తాయిలు మురుగుతున్న వాసన రోడ్డు మీదికి వచ్చింది. నల్లగొండకు పోయే అంత పెద్ద రోడ్డు నున్నగా, ఖాళీగా పడి ఉంది. టైర్లు కాల్చిన చోట్ల నల్లటి గుండ్రాలు. డివైడర్ మీద జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. నా చెప్పుల చప్పుడు నాకే వెనక నుంచి వస్తున్నట్టుంది. రెండుసార్లు తిరిగి చూశాను. చౌరస్తాలో మాత్రం జనం ఉన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన చెయ్యి పట్టి తిని పొమ్మన్నాడు. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, మామూలు రోజైతే కూర్చునేవాణ్ని. తిరిగి వచ్చేటప్పుడు తింటానని అబద్ధం చెప్పి కదిలాను.

ఆ ఖాళీ రోడ్డు మీద నడుస్తూ నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి తలకెక్కింది. మా ఇంటామెకు కూడా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. తమ్ముడు పోయిన ఆ సాయంత్రం నేను ఒక్కణ్నే మందిరానికి పోయాను. వాడు మూత మీద పెట్టిన మట్టి అట్లాగే ఉంది. దాన్ని ఉమ్మితో తడిపి, పెట్టె విప్పి, ఆ రీడు మీద మళ్ళీ మెత్తాను. నున్నగా, పురుగు కట్టినట్టే. అప్పటికే నేను మంచి మేస్త్రీని. తర్వాతి ఆదివారం ఆ మెట్టు మోగలేదు. నాయన మళ్ళీ తీసుకుపోయాడని జనం ఏడ్చారు. వాడు అబద్ధం చెప్పాడని అన్నారు. నేను విన్నాను. నోరు తెరవలేదు.

నీలం గేటుకు లోపలి నుంచి తాళం ఉంది. తట్టాను. ఒక పెద్దామె తలుపు సందులోంచి చూసి, చందాలు మొన్ననే ఇచ్చామని చెప్పింది. చందాకు కాదమ్మా, కీబోర్డు గురించి అన్నాను. ఆమె తలుపు ఇంకొంచెం తెరిచి నా మొహం చూసింది. చేతిలో ఉన్న తాళంచెవుల గుత్తి నేల మీద పడింది. తీసుకోలేదు.

"మీరు కొత్తపేట అన్నయ్యగారా?" అంది.

నేను అవునని తల ఊపాను. కొత్తపేట అని ఆమెకు ఎట్లా తెలుసో నాకు అర్థం కాలేదు.

ఆమె గేటు తీసి అరుగు మీద కూర్చోబెట్టింది. మా తమ్ముడు ఆ ఇంటి మేడ మీద గదిలో పదకొండేళ్ళు ఉన్నాడట. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడట. పెళ్ళి చేసుకోలేదు. ఈ వేసవిలోనే పోయాడు. పడుకున్నవాడు పొద్దున లేవలేదు. ప్రార్థనవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అన్న ఒకడున్నాడని ఆమె వాళ్ళకు చెప్పింది కానీ పేరు, ఇల్లు ఎవరికి తెలుసు? మూడు నెలలు చూసి, వచ్చేవాళ్ళు ఎవరూ లేరని సామాను తీసేసింది.

వాడు పోయి అయిదు నెలలు. ఇంటి నుంచి ఇక్కడికి నేను నడిచి వచ్చాను, అంతే దూరం. పదకొండేళ్ళు.

"మిమ్మల్ని చూశానని చెప్పేవారండీ" అంది ఆమె. "కొత్తపేట రైతుబజార్లో కనబడ్డారట. ఒక్కసారి కాదు, చాలాసార్లు. అన్నకి చెయ్యి బాగోలేదమ్మా, సంచి ఒక చేత్తోనే మోస్తున్నాడు అన్నారు. పలకరించొచ్చు కదండీ అంటే మిక్సీ ఏదో ముందుకు లాక్కునేవారు. ఆ తర్వాతే ఈ కీబోర్డు కొన్నారు. దీనికి రెండో చెయ్యి అక్కర్లేదమ్మా అనేవారు. ఆయనకి రెండు చేతులూ బాగానే ఉండేవండీ."

నేను గేటు దిక్కు చూస్తూ కూర్చున్నాను. రైతుబజార్లో ఎన్నిసార్లు నా వెనక ఎవరో ఉన్నట్టు అనిపించిందో, ఎన్నిసార్లు తిరిగి చూసి ఉల్లిగడ్డల కుప్పలు తప్ప ఏమీ కనబడక ముందుకు పోయానో గుర్తుకొచ్చింది. అట్లా గుర్తుకొచ్చిందా, ఆమె మాట విన్నాక నేను అల్లుకున్నానా, ఇప్పటికీ చెప్పలేను.

పాట గురించి అడిగాను. రోజూ మధ్యాహ్నం అదే వాయించేవాడట. ఎందుకండీ అక్కడ ఆపుతారు అని ఆమె ఒకసారి అడిగిందట. "మా అన్న గీడ ఆగమన్నడమ్మా" అన్నాడట. నవ్వుతూనే అన్నాడట.

ఆమె నన్ను మేడ మీది గదికి తీసుకుపోయింది. సమ్మె వల్ల కిరాయికి ఎవరూ రాక గది అట్లాగే ఉంది. గోడ మీద కీబోర్డు ఆనించిన చోట గీత. కిటికీ పక్కన మేకుకు ఒక వైరు వేలాడుతోంది. దానికి చివర చిన్న నల్ల డబ్బా.

"ఇది ఇవ్వడం మర్చిపోయానండీ దుకాణం వాళ్ళకి" అని తీసి నా చేతిలో పెట్టింది.

అడాప్టర్. మడతల్లో దుమ్ము లేదు. ఎవరో పొద్దున్నే తీసి తగిలించినట్టు ఉంది. కిటికీ మూసే ఉంది కాబట్టి దుమ్ము పడలేదని ఆమె అంది. అయి ఉండవచ్చు.

తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. చౌరస్తాలో పొయ్యిలు ఆరిపోయాయి. ఇంట్లో కరెంటు లేదు. మా ఇంటామెకు ఒక్క మాటే చెప్పాను, లేడని. ఆమె కొంగు కప్పుకుని కూర్చుంది. పిన్ను కీబోర్డులో పెట్టాను, ప్లగ్గు గోడకు పెట్టాను, స్విచ్చి వేశాను. ఇక కరెంటు రావాలి. పచ్చ దీపం మిణుకు మిణుకుకు మధ్య ఎడం పెరుగుతోంది. ఒకసారి వెలిగి ఆరితే మళ్ళీ వెలుగుతుందా లేదా అని ఇద్దరం కళ్ళార్పకుండా చూస్తున్నాం. చివరికి ఆరింది. మేము చూస్తూనే ఉన్నాం. వెలగలేదు.

పాటల పుస్తకం చదవడం వచ్చాక నేను దేవుణ్ని ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగాను. వాణ్ని ఇమ్మనలేదు, అంత ఆశ లేదు. మట్టి మెత్తింది నేనేనని వాడికి తెలుసా అని అడిగాను.

గల్లీ చివర నుంచి పిల్లల కేక వినబడింది. ఒక్కొక్క ఇల్లూ వెలుగుతూ వచ్చింది. మా ఫ్యాను కదిలింది. పచ్చ దీపం వెలిగి, నిలబడింది.

గుండీ నొక్కాను. ఏమీ రాలేదు. పోయిందనుకున్నాను. కానీ మొదట్లో వాడు కూర్చుని చేతులు సర్దుకునే ఖాళీ ఉంటుంది కదా. అది ఈసారి ఎంత పొడుగు ఉందో. తర్వాత పాట మొదలైంది. గల్లీ చివర నుంచి కాదు, మంచం మీది నుంచి, గట్టిగా. మొదటి పాదం. రెండు తట్లు. రెండో పాదం. దాని చివర ఊపిరి బిగబడుతుండగా నేను నా మంచి చెయ్యి చాపి ఆ మెట్టు నొక్కాను.

మోగింది.

మా ఇంటామె నా దిక్కు చూడలేదు. తలుపు దిక్కు చూసింది. మూడో పాదాన్ని వాడు ఎత్తుకున్నాడు, నా మోత అయిపోయేదాకా ఆగి ఎత్తుకున్నట్టు. రికార్డు అది, ఎవరి కోసమూ ఆగదు, నాకు తెలుసు.

మరునాడే అడాప్టర్ మీద ఉంచి సెల్లులు మార్చాను. తర్వాత సమ్మె అయిపోయింది, కొన్నేళ్ళకు తెలంగాణ వచ్చింది, మా కళ్ళముందే రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి. కీబోర్డు అక్కడే ఉంది. నేను దానిలో ఏమీ రికార్డు చేయను. ఒక్క పాటకే చోటు ఉంది. రోజూ పొద్దుగూకేముందు వాడు వాయిస్తాడు, ఆ ఒక్క మెట్టు నేను నొక్కుతాను. అది ఎక్కడా నిలవదు. కాబట్టి మరునాడు మళ్ళీ నొక్కాలి.

మొన్న ఒకరోజు అట్లా నొక్కి, పాట అయిపోయాక కూర్చున్నాను. వంటింట్లోంచి ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇన్నేండ్లు ఒక్కసారే కొడ్తుంటివి. ఇయ్యాల రెండుసార్లు తట్టినవేంది?"

నేను ఒక్కసారే నొక్కాను. ఆమెకు ఆ మాట చెప్పలేదు. ఆమె చెవులు ఈ మధ్య సరిగ్గా లేవు. లేచి, ప్లగ్గు గట్టిగా ఉందో లేదో ఒకసారి చూసి వచ్చాను.